చేతిలో లేని జబ్బు

వేలిని వంచే కండరం వేలిలో ఉండదు. వేలిలో ఉన్నవి ఎముకలు, కీళ్లు, నరాలు, రక్తనాళాలు, వాటిని కప్పిన చర్మం. లాగే పని చేసే కండరాల్లో పెద్దవన్నీ మోచేతికీ మణికట్టుకీ నడుమ, ముంజేతిలో ఉన్నాయి. చిన్నవి కొన్ని అరచేతిలో ఉన్నాయి. ముంజేతి నుంచి బయలుదేరిన స్నాయుబంధనాలు మణికట్టు దగ్గర ఇరుకు సందులోంచి దూరి వచ్చి వేలి ఎముకలను పట్టుకుంటాయి. కుడి ముంజేతిని ఎడమచేత్తో పట్టుకుని కుడిచేతి వేళ్లు ఆడించి చూడండి. కదలిక ఎక్కడ పుడుతోందో మీ ఎడమ అరచేతికే తెలిసిపోతుంది.

ఇంకొక పరీక్ష. అరచెయ్యి బల్లమీద ఆనించి, మధ్యవేలిని లోపలికి మడిచి, మిగిలిన వేళ్లను ఒక్కొక్కటిగా పైకెత్తండి. బొటనవేలు లేస్తుంది, చూపుడువేలు లేస్తుంది, చిటికెనవేలు కూడా లేస్తుంది. ఉంగరపువేలు మాత్రం ఎంత ప్రయత్నించినా లేవదు. దాన్ని ఎత్తే బంధనానికి పక్కవేళ్ల బంధనాలతో అడ్డంగా ముడులున్నాయి, అదీ సంగతి. కోట్ల ఏళ్ల పరిణామంలో ఈ చెయ్యి కొమ్మ పట్టుకోవడానికి, రాయి విసరడానికి తయారైంది. పియానో సంగతి దానికి తెలియదు. వేళ్లను దేనికది విడిగా ఆడించే నేర్పు పుట్టుకతో వచ్చేది కాదు. చిన్నతనం నుంచి మెదడు దాన్ని కట్టుకుంటూ రావాలి.

కట్టుకున్నది కూలిపోవడం కూడా మెదడులోనే జరగవచ్చునని వైద్యులు చాలా ఆలస్యంగా గ్రహించారు. ఆ ఆలస్యానికి బలైనవారిలో అమెరికన్ పియానిస్టు లియోన్ ఫ్లైషర్ ఒకరు. ఆయన కుడిచేతిలో రెండు వేళ్లు ముప్ఫై ఏళ్లపాటు ఆయన మాట వినలేదు. అందులో చాలాకాలం జబ్బును చేతిలో వెతికారు.

ఫ్లైషర్ 1928 జూలై 23న శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టారు. తూర్పు ఐరోపా నుంచి వలసవచ్చిన యూదు కుటుంబం, తండ్రిది టోపీల వ్యాపారం. ఇంట్లో పియానో పాఠాలు పెట్టించింది అన్నగారికి. పాఠం అవగానే అన్న ఆటకు పరిగెత్తేవాడు. మూలన కూర్చుని విన్న తమ్ముడు ఆ పాఠమంతా పియానో మీద వాయించేవాడు. అప్పుడు ఆ పిల్లవాడికి నాలుగేళ్లు. ఎనిమిదో ఏట మొదటి కచేరీ చేశాడు. తొమ్మిదో ఏట ప్రసిద్ధ పియానిస్టు ఆర్టర్ ష్నాబెల్ అంతటివాడు శిష్యుడిగా తీసుకున్నాడు. పసిపిల్లలకు పాఠం చెప్పనని ష్నాబెల్ ఒట్టు పెట్టుకున్న మనిషి. అందుకని శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక పెద్ద సంగీత నిర్వాహకుడు ఆయనను భోజనానికి పిలిచి, ఆయన భోంచేస్తుండగా పిల్లవాణ్ణి దొడ్డిదారిన తెచ్చి పియానో ముందు కూర్చోబెట్టాడట. విన్నాక ష్నాబెల్ తన ఒట్టు పక్కన పెట్టాడు.

హిట్లర్ అధికారానికి రాగానే బెర్లిన్ విడిచిపెట్టిన ష్నాబెల్ ఆ రోజుల్లో ఇటలీలోని కోమో సరస్సు ఒడ్డున పాఠాలు చెబుతున్నాడు. 1938లో కుర్రవాడు అక్కడికి వెళ్లాడు. బీథోవెన్ శిష్యుడు చెర్నీ, చెర్నీ శిష్యుడు లెషెటిట్స్కీ, ఆయన శిష్యుడు ష్నాబెల్. బీథోవెన్ పియానో సొనాటాలు 32టినీ మొట్టమొదట రికార్డు చేసింది ఈ ష్నాబెలే. గురుపరంపరను పట్టించుకునే మనలాంటి వాళ్లకు ఇది చిన్న విషయం కాదు. పాశ్చాత్య సంగీతంలోనూ పట్టించుకుంటారు.

పదహారేళ్లకు, 1944లో, ఫ్లైషర్ న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌తో బ్రామ్స్ మొదటి కన్చెర్టో, అంటే వాద్యబృందంతో కలిసి ఒక్క పియానిస్టు వాయించే రచన, వాయించారు. ఆ రాత్రి వాద్యబృందాన్ని నడిపించిన పియేర్ మొంతో, ఈ శతాబ్దానికి ఇలాంటి పియానిస్టు ఒక్కడే దొరుకుతాడన్నట్టు మాట్లాడాడు. 1952లో బ్రసెల్స్‌లో జరిగిన క్వీన్ ఎలిజబెత్ పోటీలో ఫ్లైషర్‌కు మొదటి బహుమతి వచ్చింది. ఆ పోటీ గెలిచిన మొదటి అమెరికన్ ఆయనే. ఆ తరువాత జార్జ్ సెల్ నాయకత్వంలోని క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రాతో బీథోవెన్ కన్చెర్టోలు ఐదూ, బ్రామ్స్ రెండూ రికార్డు చేశారు. అవి ఈనాటికీ అమ్ముడవుతున్నాయి. నన్నడిగితే బ్రామ్స్ మొదటిదాన్ని అంత కండబలంతో, అంత తెలివితో కలిపి వాయించినవాళ్లు తక్కువ.

ఈ వృత్తి ఎలాంటిదో కొంచెం చెప్పాలి. కచేరీ పియానిస్టు ఎవరికీ ఉద్యోగి కాడు. వాద్యబృందంలో వయొలిన్ వాయించేవారికి నెల జీతం ఉంటుంది. ముందు కూర్చుని కన్చెర్టో వాయించే పియానిస్టుకు ఆ కచేరీ డబ్బు మాత్రమే. ఒప్పందాలు ఏడాది, రెండేళ్ల ముందే కుదురుతాయి, కాబట్టి ఈ ఏడు చెయ్యి బాగోలేదన్న పుకారు పుడితే పై ఏడు కచేరీలు ఉండవు. అరగంట, ముప్పావు గంట సాగే రచనలను పుస్తకం చూడకుండా వాయించాలి. ఆ ఆచారాన్ని 19వ శతాబ్దంలో క్లారా షూమన్, లిస్ట్ లాంటివారు మొదలుపెట్టి తరువాతివారి నెత్తిన పెట్టారు. పైగా వయొలిన్ విద్వాంసుడిలా తన వాద్యాన్ని చంకన పెట్టుకుని ఊరూరా తిరిగే వీలు లేదు. పెద్ద కచేరీ పియానో తొమ్మిది అడుగుల పొడవు, దాదాపు 480 కిలోల బరువు ఉంటుంది. హొరొవిట్స్ లాంటి మహారాజులు ఒకరిద్దరు సొంత పియానోను విమానంలో ఎక్కించుకుపోయారు గాని, మిగతా అందరూ ఏ ఊరికెళితే ఆ ఊరి పియానోతో ఆ సాయంత్రం లోపల స్నేహం చేసుకోవలసిందే.

ఆ యంత్రం ఏం అడుగుతుందో చూద్దాం. పియానోలో 88 మీటలు, సుమారు 230 తీగలు ఉంటాయి. తీగలన్నీ కలిసి ఇనుప చట్రాన్ని దాదాపు 20 టన్నుల బలంతో లాగుతుంటాయి. మీటను నొక్కితే అది కిందికి దిగేది సెంటీమీటరు మాత్రమే. అవతలి కొసన ఉన్న సుత్తి లేచి, తీగను తాకడానికి ఒకటి రెండు మిల్లీమీటర్ల ముందే మీట పట్టు వదిలించుకుని, సొంతంగా ఎగిరి తీగను కొట్టి వెనక్కి పడుతుంది. 1700 ప్రాంతంలో ఫ్లోరెన్స్‌లో క్రిస్టోఫోరి కనిపెట్టిన కిటుకు ఇదే. అంటే తీగను తాకే క్షణంలో సుత్తి మీద వాద్యకారుడికి ఏ అధికారమూ లేదు. ఆయన చెయ్యగలిగిందల్లా సుత్తి ఎంత వేగంతో, ఏ క్షణాన బయలుదేరాలో నిర్ణయించడం. గుసగుస, గర్జన, కన్నీరు, పరిహాసం అన్నీ ఆ సెంటీమీటరు దూరంలో, సెకనులో అతి స్వల్ప భాగంలో తేలిపోవాలి.

వేగంగా సాగే చోట్ల ఒక్కొక్క చెయ్యి సెకనుకు పది స్వరాలు దాటిపోతుంది. మీట తగిలిన కబురు వేలినుంచి మెదడుకు చేరి, మెదడు ఆలోచించి, తరువాతి వేలికి ఆజ్ఞ పంపాలంటే సెకనులో పదోవంతు కన్నా ఎక్కువే పడుతుంది. ఆ లెక్కన ఒక వేలి పని చూసుకుని ఇంకొక వేలికి చెప్పడం కుదరని పని. అమెరికన్ మనోవిజ్ఞాని కార్ల్ లాష్లీ 1951లో సరిగ్గా ఈ ఉదాహరణే ఎత్తుకుని, కదలికల వరుస అంతా మెదడులో ముందుగానే సిద్ధమై ఉండాలని వాదించాడు. తరువాతి పరిశోధనలు ఆయన వైపే మొగ్గాయి. సాధన అంటే వేళ్లకు బలం పెంచడమని చాలామంది అనుకుంటారు. నిజానికి సాధన చేసేది మెదడులో ఈ వరుసలను రాసిపెట్టడం.

రాయడానికి చాలా గంటలు పడుతుంది. ఎరిక్‌సన్ బృందం బెర్లిన్‌లో చేసిన, 1993లో వెలువడిన ప్రసిద్ధ అధ్యయనంలో నిపుణ పియానిస్టులు 18 ఏళ్లు వచ్చేసరికి సగటున 7,000 గంటలకు పైగా ఒంటరిగా సాధన చేశారని తేలింది. సరదాగా నేర్చుకున్నవారు 2,000 గంటలు కూడా చెయ్యలేదు. ఆ గంటలు మెదడు ఆకారాన్నే మారుస్తాయి. మెదడు పైపొరలో శరీరానికంతటికీ ఒక పటం ఉంది: కాలికి కొంత చోటు, పెదవులకు కొంత, ఒక్కొక్క వేలికి కొంత. 1995లో థామస్ ఎల్బర్ట్, ఆయన సహచరులు తీగవాద్య విద్వాంసుల మెదళ్లను పరిశీలించి, తీగలు నొక్కే ఎడమచేతి వేళ్ల చోటు మామూలు మనుషులకన్నా విశాలంగా ఉందని చూపించారు. ఎంత చిన్నవయసులో సాధన మొదలుపెడితే అంత విశాలం. ఏడేళ్లలోపే మొదలుపెట్టినవారికి కుడి, ఎడమ మెదడు భాగాలను కలిపే నరాల కట్ట ముందుభాగంలో మందంగా ఉందని అదే సంవత్సరం ఇంకొక బృందం చెప్పింది. ఇదంతా శుభవార్తే. అడిగినట్టల్లా మారగలగడం మెదడు గొప్పతనం. ఫ్లైషర్‌కు జరిగింది కూడా ఆ గొప్పతనం వల్లే.

1964లో ఆయనకు 36 ఏళ్లు. సెల్‌తోనూ క్లీవ్‌లాండ్ బృందంతోనూ సోవియట్ యూనియన్ పర్యటనకు సిద్ధమవుతున్నారు. ఇంట్లో తోటసామాను తగిలి కుడి బొటనవేలు తెగింది, కుట్లు పడ్డాయి. మానాక మళ్లీ వాయించడం మొదలుపెడితే కుడిచేతిలో ఏదో మందకొడితనం. అందరు సాధకులూ చేసే పనే ఆయనా చేశారు: సాధన పెంచారు. చెయ్యి ఇంకా బిగిసింది. ఇంకా పెంచారు. ఏడాది తిరగకుండా ఉంగరపువేలు, చిటికెనవేలు వాటంతటవి అరచేతిలోకి ముడుచుకుపోవడం మొదలైంది. నొప్పి లేదు. తిమ్మిరి లేదు. వేరే పనులకు ఆ చెయ్యి బాగానే ఉంది. మీటలమీద పెట్టగానే ఆ రెండు వేళ్లు ముడుచుకునేవి. సోవియట్ పర్యటనకు ఆయన లేకుండానే వెళ్లారు.

తెగిన గాయమే కారణమా? కాకపోవచ్చు. గాయం తరువాత వాయించే తీరులో వచ్చిన చిన్న మార్పు, దానిమీద మోపిన సాధన, అప్పటికే అంచున ఉన్న మెదడును అవతలికి తోసి ఉండవచ్చునని ఈనాటి వైద్యులు అంటారు. అప్పటి వైద్యులకు ఏమీ తోచలేదు. ఎక్స్‌రేలో ఎముకలు బాగున్నాయి, నరాలు బాగున్నాయి, కండరాలు బాగున్నాయి. ఇక మిగిలింది మనసే కాబట్టి భయమనీ, మానసిక ఒత్తిడి అనీ అన్నారు. ఆయన వశీకరణ విద్యవాళ్ల దగ్గరికి వెళ్లారు, సూదివైద్యం చేయించుకున్నారు, మనోవైద్యుల ముందు కూర్చున్నారు, ఇంజెక్షన్లు పొడిపించుకున్నారు. సంసారం చెదిరింది. చచ్చిపోదామన్న ఆలోచన కూడా వచ్చిందని తరువాత ఆయనే చెప్పుకున్నారు.

సంగీత చరిత్రలో ఇలాంటి చేతులు ఇంకా ఉన్నాయి. రాబర్ట్ షూమన్ ఇరవై దాటిన కొత్తలోనే కుడిచేతి మధ్యవేలు పట్టు తప్పి, పియానిస్టు కావాలన్న ఆశ వదులుకుని స్వరకర్త అయ్యాడు. వేళ్లను సాగదీసే ఏదో పరికరం వాడి చెయ్యి పాడుచేసుకున్నాడని లోకం చెప్పుకుంది. ఆ లక్షణాలు చదివి, ఫ్లైషర్‌కు వచ్చిన జబ్బే అతనిదీ కావచ్చునని కొందరు నాడీవైద్యులు ఈ మధ్య వాదిస్తున్నారు. ఫ్లైషర్ స్నేహితుడు, అదే తరానికి చెందిన గ్యారీ గ్రాఫ్‌మన్‌కు 1979లో కుడిచేతి ఉంగరపువేలు దగ్గర ఇలాంటి తిప్పలే వచ్చాయి. ఇద్దరూ లక్షణాలు పోల్చుకున్నారు. 1980ల మొదట్లో పత్రికలవాళ్ల ముందు తమ జబ్బు గురించి దాచకుండా మాట్లాడారు. కచేరీలు పోతాయన్న భయంతో అందరూ నోరు మూసుకుని బతుకుతున్న వృత్తిలో అది చిన్న సాహసం కాదు. వాళ్లు మాట్లాడాక ఎక్కడెక్కడి వాద్యకారులో చేతులు చాపుకుని వైద్యుల దగ్గరికి వచ్చారు. సంగీతకారుల వైద్యం ఒక ప్రత్యేక శాఖగా నిలదొక్కుకోవడంలో ఆ ఇద్దరికీ వాటా ఉంది.

ఇంతకీ ఆ జబ్బు పేరు ఫోకల్ డిస్టోనియా. శరీరంలో ఒక్క భాగానికే పరిమితమై, కండరాలు వేళకాని వేళ బిగుసుకోవడం దాని లక్షణం. ఒక చేతి పనికి మాత్రమే వచ్చే రకం మరీ విచిత్రం. కలం పట్టగానే వేళ్లు బిగిసి రాయలేకపోయే గుమాస్తాల జబ్బు దీనికి తోబుట్టువు. వృత్తి సంగీతకారుల్లో దాదాపు నూటికి ఒకరికి ఇది వస్తుందని జర్మనీలోని హానోవర్‌లో ఎకార్ట్ ఆల్టెన్‌ముల్లర్ తదితరుల పరిశోధనలు చెబుతున్నాయి. ఎక్కువమందికి ముప్ఫైల్లో, వృత్తి మంచి జోరుమీద ఉండగా వస్తుంది. ఆడవారికన్నా మగవారికి ఎక్కువ. పియానిస్టులకు ఎక్కువగా కుడిచేతికి, వయొలిన్ వాద్యకారులకు ఎడమచేతికి, అంటే ఏ చెయ్యి వేగంగా, సూక్ష్మంగా పనిచేస్తుందో దానికి. ఒక్క స్వరమూ తప్పకూడదన్న పట్టుదల ఉన్నవారికి ఎక్కువ. మనోధర్మానికి చోటున్న జాజ్ వాళ్లకన్నా, రాసింది రాసినట్టు వాయించవలసిన శాస్త్రీయ సంగీతకారులకు ఎక్కువ. తప్పించుకునే సందు లేని చోట, ఒకే కదలిక లక్షసార్లు ఒకే తీరున జరగవలసిన చోట ఇది పొంచి ఉంటుందన్నమాట.

మెదడులో ఏం జరుగుతుంది? నాన్సీ బిల్, మైకేల్ మెర్జెనిక్ కోతుల చేత ఒకే చేతి కదలికను వారాల తరబడి, రోజూ లెక్కలేనన్నిసార్లు చేయించారు. కొన్నాళ్లకు ఆ చెయ్యి మొరాయించింది. మెదడులోని పటం చూస్తే, విడివిడిగా ఉండవలసిన వేళ్ల చోట్లు ఒకదానిలోకి ఒకటి చొరబడి ఉన్నాయి. 1996లో ఈ ఫలితాలు వచ్చాయి. రెండేళ్లకు ఎల్బర్ట్ బృందం డిస్టోనియా ఉన్న సంగీతకారుల మెదళ్లలోనూ అదే చూసింది: వేళ్ల చోట్ల మధ్య దూరం తగ్గిపోయింది. పక్కపక్క మళ్ల రైతులిద్దరూ ఏటా చెరో సాలు గట్టులోకి దున్నుకుంటూ పోతే కొన్నేళ్లకు గట్టే ఉండదు, ఒక మడికి పెట్టిన నీరు రెండో మడిలోకి పారుతుంది. రెండు వేళ్లు వేలసార్లు దాదాపు ఒకే క్షణంలో కదులుతూ ఉంటే, వాటిని రెండుగా గుర్తుపెట్టుకోవలసిన అవసరం మెదడుకు కనబడదు. రెంటినీ కలిపేస్తుంది.

దీనికి తోడు ఇంకొక లోపం ఉంది. ఒక వేలిని వంచమన్నప్పుడు మెదడు ఆ ఆజ్ఞతోపాటు పక్కవేళ్లకు ఆగమని కూడా చెబుతుంది. మన కదలికల్లోని నేర్పంతా ఈ ఆపడంలోనే ఉంది. డిస్టోనియాలో ఆ ఆపే ఆజ్ఞ బలహీనపడుతుంది. వంచే కండరం, చాచే కండరం రెండూ ఒకేసారి లాగుతాయి. వంచేది బలమైనది కనక వేలు ముడుచుకుపోతుంది. ఆ ముడిచిన వేలిని బలవంతాన చాచి వాయించడానికి చేసే ప్రతి ప్రయత్నాన్నీ మెదడు మరో సాధనగానే రాసుకుంటుంది. ఫ్లైషర్ రోజుకు గంటలకొద్దీ చేసింది జబ్బును సాధన చెయ్యడమే.

కొందరు పియానిస్టులు రబ్బరు తొడుగు వేసుకుంటే కాసేపు బాగా వాయించగలుగుతారు. చర్మానికి తగిలే స్పర్శ మారడంతో మెదడు కాసేపు పాత వరుసను పోల్చుకోలేకపోతుంది కాబోలు. తంటా కండరంలోనే ఉంటే చేతికి తొడుగు తగిలించినంత మాత్రాన ఏం మారుతుంది? నాకు ఈ జబ్బు గురించి చదివినవాటిలో అన్నిటికన్నా బలమైన సాక్ష్యం ఇదే అనిపిస్తుంది.

ఫ్లైషర్ దగ్గరికి వద్దాం. ఆయనకు ఎడమచెయ్యి మిగిలింది, ఎడమచేతి కోసం సంగీతమూ మిగిలింది. దానికి చాలావరకు మొదటి ప్రపంచయుద్ధం కారణం. తత్వవేత్త లూడ్విగ్ విట్‌గెన్‌స్టైన్ అన్నగారు పాల్ పియానిస్టు. యుద్ధం మొదలైన 1914లోనే కుడిచెయ్యి పోయింది, రష్యన్లకు బందీగా చిక్కాడు. తిరిగివచ్చాక కుటుంబపు అపారమైన డబ్బుతో పెద్దపెద్ద స్వరకర్తల చేత ఎడమచేతికి కన్చెర్టోలు రాయించుకున్నాడు. రవెల్ రాసినది వాటిలో మకుటం; 1932లో వియన్నాలో దాన్ని మొదటిసారి వాయించారు. ప్రొకోఫియెవ్ రాసినదాన్ని పాల్ అసలు వాయించలేదు. హిండెమిత్ 1923లో రాసినదాన్ని ఆయన వాయించనూ లేదు, ఇంకొకరిని వాయించనివ్వనూ లేదు. ఆ రాతప్రతి పాల్ భార్య చనిపోయాక, 2002 ప్రాంతంలోగాని బయటపడలేదు. 2004లో బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్‌తో దాన్ని లోకానికి మొదటిసారి వినిపించినవారు ఫ్లైషరే. రాసిన 81 ఏళ్లకు!

ఒంటిచేతి సంగీతానికి కుడిచెయ్యి కన్నా ఎడమచెయ్యే అనువు. పియానోలో పైస్వరాలు కుడివైపున ఉంటాయి. ఎడమచేతిని పెడితే బలమైన బొటనవేలు ఆ వైపు పడుతుంది కనక పాటను అది మోస్తుంది, మిగతా వేళ్లు మంద్రస్వరాలు చూసుకుంటాయి. కాలికింది పెడల్ ఆ మంద్రాన్ని ఆరిపోకుండా నిలబెడుతుంది. కళ్లు మూసుకుని రవెల్ కన్చెర్టో వినండి, రెండు చేతులు కాదంటే నమ్మరు.

అయినా ఒక మనిషి జీవితకాలానికి సరిపడా కన్చెర్టోలు అక్కడ లేవు. ఫ్లైషర్ వాద్యబృందాలను నడిపించడం మొదలుపెట్టారు, వాషింగ్టన్‌లో ఒక చిన్న వాద్యబృందాన్ని స్థాపించారు. అన్నిటికన్నా ముఖ్యంగా పాఠం చెప్పారు. బాల్టిమోర్‌లోని పీబాడీ సంగీత కళాశాలలో ఆయన 1959 నుంచే గురువు. అప్పటిదాకా శిష్యుడు తప్పు వాయిస్తే పక్కకు జరగమని తాను వాయించి చూపేవారు. ఇక ఆ వీలు లేదు. ఏం కావాలో మాటల్లో చెప్పవలసి వచ్చింది. చెప్పడానికి ముందు, తాను ఇన్నాళ్లూ ఏం చేశారో తానే తెలుసుకోవలసి వచ్చింది. ఆంద్రే వాట్స్, యెఫీమ్ బ్రోన్‌ఫ్‌మన్, జొనాథన్ బిస్ లాంటి పియానిస్టులు ఆయన దగ్గర నేర్చుకున్నారు. చెయ్యి పడిపోవడం వల్ల మంచి గురువునయ్యానని ఆయన చెప్పుకునేవారు. నాకది పూర్తిగా నమ్మబుద్ధి కాదు. చెయ్యి బాగుండి ఉంటే కూడా మంచి గురువే అయ్యేవారు. కాని ముప్ఫై ఏళ్ల రికార్డులు మనకు ఇంకా ఉండేవి.

1981లో మణికట్టు సందులో నరం నలిగిపోతోందని ఆపరేషన్ చేశారు. దాంతో నయమైందన్న తప్పుడు ఆశ మీద 1982 సెప్టెంబరులో బాల్టిమోర్‌లో కొత్త సంగీత మందిరం ప్రారంభోత్సవాన, టీవీ కెమెరాల ముందు, రెండు చేతులతో పునరాగమనం ఏర్పాటైంది. బీథోవెన్ నాలుగో కన్చెర్టో అనుకున్నారు. చెయ్యి సహకరించదని తెలిసి ఫ్రాంక్ రాసిన సింఫానిక్ వేరియేషన్స్‌కు మారారు. సభ లేచి చప్పట్లు కొట్టింది. పత్రికలు అద్భుతమన్నాయి. వేదికమీద ఉన్న మనిషికి మాత్రం చెయ్యి బాగుపడలేదని తెలుసు. తరువాత ఒప్పుకున్న రెండుచేతుల కచేరీలనుంచి ఆయన తప్పుకున్నారు.

అసలు పేరుతో జబ్బును గుర్తించింది 1990ల మొదట్లో. ఆ తరువాత అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో ఆయన ముంజేతిలోకి బొటులినం విషం ఎక్కించారు. పాడైన డబ్బా ఆహారంలో పెరిగే సూక్ష్మజీవి చేసే విషం అది. మనకు తెలిసిన విషాల్లో అంతకన్నా తీవ్రమైనది లేదు. శాన్‌ఫ్రాన్సిస్కో నేత్రవైద్యుడు అలన్ స్కాట్ దాన్ని అణుమాత్రం మెల్లకన్ను సరిచెయ్యడానికి వాడాడు, 1989లో ప్రభుత్వ అనుమతి దొరికింది. ముఖం మీది ముడతలు పోగొట్టే బొటాక్స్ కూడా ఇదే. ఈ విషం పనిచేసే తీరు ఇది: నరం కొసన ఎసిటైల్‌కొలిన్ అనే రసాయనం నిండిన బుడగలు ఉంటాయి. మెదడు ఆజ్ఞ రాగానే అవి నరం అంచుకు అతుక్కుని పగిలి రసాయనాన్ని కండరం మీద చల్లుతాయి, కండరం బిగుస్తుంది. ఆ బుడగ అంచుకు అతుక్కోవడానికి కావలసిన ప్రొటీనును ఈ విషం కత్తిరించేస్తుంది. ఆజ్ఞ వస్తుంది, కండరానికి అందదు. మూడు నాలుగు నెలల్లో నరం మళ్లీ కోలుకుంటుంది, కండరం మళ్లీ బిగుస్తుంది, మళ్లీ సూది వెయ్యాలి.

దీనివల్ల మెదడులోని పటం బాగుపడదు. అతిగా లాగుతున్న కండరాన్ని కాస్త నీరసపరిస్తే, వేలు చాచడానికి వెసులుబాటు వస్తుందంతే. మోతాదు కొంచెం ఎక్కువైతే వేలు మీటను నొక్కలేదు, తక్కువైతే ముడుచుకుపోతుంది. ముంజేతిలో పక్కపక్కన ఒదిగి ఉన్న కండరాల్లో ఏ వేలిది ఏదో గుర్తించి గుచ్చాలి. దీనితోపాటు ఆయన రోల్ఫింగ్ అనే గట్టి మర్దనా చేయించుకున్నారు, కండరాల్లో కరడుకట్టిన బిగువు దానివల్ల సడలిందని చెప్పేవారు. 1990ల నడిమికి రెండు చేతులతో మళ్లీ వేదిక ఎక్కారు. 2004లో వచ్చిన రికార్డు పేరే ‘టూ హ్యాండ్స్’. అందులో షూబర్ట్ చివరి బి-ఫ్లాట్ సొనాటా ఉంది. యువకుడు ఫ్లైషర్ వాయించిన బ్రామ్స్‌లోని ఉరుకు అందులో లేదు. కుడిచేతిని నమ్మకుండా, దాని హద్దులు తెలుసుకుని, ఒక్కొక్క స్వరాన్నీ ఎంచి పెట్టినట్టుంటుంది. ఆ పేరుతోనే ఆయనమీద తీసిన చిన్న డాక్యుమెంటరీ ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది, 2007లో కెనెడీ సెంటర్ గౌరవం వచ్చింది. జబ్బు నయమైందని ఆయన ఎన్నడూ అనలేదు. భార్య, పియానిస్టు కేథరిన్ జేకబ్సన్‌తో కలిసి ఒకే పియానో దగ్గర నాలుగు చేతుల కచేరీలు చేస్తూ, పీబాడీలో పాఠం చెబుతూ, 2020 ఆగస్టు 2న 92 ఏళ్ల వయసులో బాల్టిమోర్‌లో కన్నుమూశారు.

సూది కాక మెదడునే మళ్లీ దిద్దే ప్రయత్నాలు కూడా సాగుతున్నాయి. 1999లో ఎల్బర్ట్ సహచరులు, జబ్బుపడిన వేలి పక్కన ఉన్న వేళ్లను బద్దలతో కట్టేసి, జబ్బు వేలి చేత నెమ్మదిగా కసరత్తు చేయించారు. పియానో, గిటారు వాద్యకారుల్లో కొందరికి గుణం కనిపించింది. చెరిగిన గట్టును తిరిగి వెయ్యడం దీని ఉద్దేశం. నెలలు, కొన్నిసార్లు ఏళ్లు పడుతుంది. వేగం తగ్గించి, నొక్కే తీరు మార్చి, కొత్తగా మొదటి పాఠం నుంచి నేర్చుకోవడమే చాలామందికి దిక్కు. వాళ్లలో కొందరు కచేరీలకు తిరిగివస్తారు. చాలామంది రారు.

వీణో, వయొలినో, కీబోర్డో, మృదంగమో నేర్పే గురువులకు, నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. నొప్పి లేకుండా, వాద్యం పట్టినప్పుడే ఏదైనా వేలు ముడుచుకుపోతున్నా, అతుక్కుపోతున్నా, నిన్న వచ్చిన గమకం ఇవాళ రాకుండా వారాలు గడుస్తున్నా, సాధన చాలడం లేదని తిట్టకండి. ఆ వాయించడం ఆపించి, కీళ్ల డాక్టరు దగ్గరికి కాక న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. కదలికల జబ్బులు చూసేవారైతే మరీ మంచిది. వెళ్లేటప్పుడు వాద్యాన్ని, లేదా వాయిస్తుండగా తీసిన వీడియోను కూడా పట్టుకెళ్లండి; వాయించని చేతిలో ఈ జబ్బు డాక్టరుకు కనపడదు.